మాట్లాడకూడని ఎంపీ

1967 మార్చి 17, శుక్రవారం. ఢిల్లీ.

చలి వెళ్లిపోయింది. ఎండ ఇంకా ముదరలేదు. రోడ్ల పక్క బూరుగు చెట్లు ఆకు రాల్చేసి ఎర్రగా పూసే కాలమది. గుండ్రటి పార్లమెంటు భవనం లోపల, పచ్చ తివాచీ పరిచిన లోక్‌సభ హాల్లో, కొత్తగా గెలిచి వచ్చిన సభ్యులు బెంచీల మీద సర్దుకుని కూర్చుంటున్నారు. అందరి చూపూ ఒక్క కుర్చీ మీదే. ఎత్తయిన చెక్క పీఠం. పైన ‘ధర్మచక్ర ప్రవర్తనాయ’ అన్న అక్షరాలు. ప్రస్తుతానికి అందులో కూర్చున్నది సేఠ్ గోవింద్ దాస్. ఆయన ప్రొటెం స్పీకర్. కాసేపట్లో దిగిపోవాల్సిన మనిషి. ఆ తర్వాత అక్కడ కూర్చునేదెవరు?

బరిలో రెండు పేర్లున్నాయి. రెండూ తెలుగువాళ్లవే.

ఒకరు నీలం సంజీవరెడ్డి. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. 53 ఏళ్లు. ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి. నిన్నమొన్నటి దాకా కేంద్రంలో రవాణా, విమానయాన మంత్రి. నెల కిందటి ఎన్నికల్లో హిందూపురం ఓటర్లు ఆయన్ని లోక్‌సభకు పంపారు. కానీ నాలుగు రోజుల క్రితం ఇందిరా గాంధీ కట్టిన కొత్త మంత్రివర్గంలో ఆయనకు చోటు దక్కలేదు. ఇప్పుడు కాంగ్రెస్ ఆయన్ని స్పీకర్ పదవికి నిలబెట్టింది. అవతలి వైపు తెన్నేటి విశ్వనాథం. డెబ్బై దాటినవారు. న్యాయశాస్త్రం చదివి, స్వాతంత్ర్య పోరాటంలో జైళ్లకు వెళ్లి, విశాఖ ఉక్కు కోసం ఊరూరా తిరిగి, ఏ పార్టీ గుర్తూ లేకుండా విశాఖపట్నంలో గెలిచి వచ్చారు. ప్రతిపక్షం ఆయన వెనక నిలబడింది. ఈ ఇద్దరికీ పాత లెక్క ఒకటుంది.

కర్నూలు లెక్క.

1953 అక్టోబరులో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. విశ్వనాథం ఆర్థిక మంత్రి. ముగ్గురూ ఒకే వరుసలో కూర్చున్నారు. ఏడాది తిరిగి నెల గడిచిందో లేదో మద్యనిషేధం మీద గొడవ రాజుకుంది. 1954 నవంబరు 6న శాసనసభలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఓట్లు లెక్కపెట్టారు. ప్రభుత్వం కూలిపోయింది. తేడా ఎంత? ఒక్క ఓటు. సభలో ఒక్క మనిషి ఎటు నిలబడితే ఏం జరుగుతుందో ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకే వైపు కూర్చుని చూశారు. పన్నెండేళ్ల తర్వాత ఇవాళ ఎదురెదురుగా ఉన్నారు.

ప్రతిపక్ష బెంచీల్లో ఇంకో తెలుగు పెద్ద కూడా ఉన్నారు. ఆచార్య ఎన్.జి. రంగా. శ్రీకాకుళం సభ్యుడు. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీపడి సంజీవరెడ్డి చేతిలో ఓడిపోయినవారు. ఆ తర్వాత స్వతంత్ర పార్టీని నిలబెట్టినవారు. ఆ పార్టీకి ఈ సభలో 44 మంది ఉన్నారు. కాంగ్రెస్ తర్వాత అంత మంది ఇంకెవరికీ లేరు.

కాంగ్రెస్ బలం చూస్తే గుండె కొంచెం జారేలాగే ఉంది. 1962లో 361 సీట్లు గెలిచిన పార్టీ ఈసారి 520 స్థానాల్లో 283 దగ్గర ఆగిపోయింది. పార్టీ పెద్దల్లో కామరాజ్ ఓడిపోయారు. ఎస్.కె. పాటిల్ ఓడిపోయారు. అతుల్య ఘోష్ ఓడిపోయారు. రాష్ట్రాలు ఒకటొకటిగా చేజారుతున్నాయి. కొత్త సభలో మొదటి బలపరీక్ష ఇదే. ఇక్కడ బెసికితే?

* * *

ఎన్నిక పద్ధతి చూడటానికి సాదా. పట్టు మాత్రం గట్టిది. ముందురోజు మధ్యాహ్నం పన్నెండు లోపు రాతపూర్వకంగా నోటీసు అందాలి. ప్రతిపాదించేవారొకరు, బలపరిచేవారొకరు. ఎవరూ తన పేరు తాను ప్రతిపాదించుకోకూడదు. ఒకే మనిషి రెండు పేర్లు ప్రతిపాదించకూడదు. గెలిస్తే పనిచేస్తానని అభ్యర్థి రాసివ్వాలి. సభలో ప్రతిపాదనల్ని వచ్చిన వరుసలోనే ఓటుకు పెడతారు. మొదటిది నెగ్గిందా, రెండోదాన్ని ఇక ఓటుకు పెట్టే పని లేదు.

ముందు మాటతో అడుగుతారు. ఒప్పుకునేవాళ్లు ‘ఆయ్’ అంటారు. ఒప్పుకోనివాళ్లు ‘నో’ అంటారు. గొంతుల్లో తేడా తేలకపోతే, లేదా తేలినా ఎవరైనా పట్టుబడితే, డివిజన్. గంటలు మోగుతాయి. లాబీల్లో కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లు, క్యాంటీన్‌లో టీ కప్పు ముందున్నవాళ్లు, గ్రంథాలయంలో పేపరు తిరగేస్తున్నవాళ్లు అన్నీ వదిలేసి వరండాల వెంట అడుగులు చప్పుడయ్యేలా పరుగెత్తుకొస్తారు, గంట ఆగగానే తలుపులు మూతపడతాయి, ఆ తర్వాత ప్రధానమంత్రి వచ్చినా సరే తలుపు తెరుచుకోదు. లోపలున్నవాళ్లే లెక్క. బయటున్నవాళ్లు ఆ నిమిషానికి సభ్యులే కానట్టు.

సంజీవరెడ్డి పేరు మీద డివిజన్ జరిగింది. లెక్క తేలింది.

అనుకూలం 278. వ్యతిరేకం 207.

గెలిచారు. ఆ 207 అంకె మాత్రం హాల్లో నిలబడే ఉంది. మావలంకర్, తిరుపతి ప్రాంతపు అనంతశయనం అయ్యంగార్, హుకుం సింగ్ కూర్చున్న ఆ కుర్చీలోకి హిందూపురం ఎంపీ ఎక్కుతుంటే, ఎదురుగా ఉన్న 207 మంది నువ్వు మాకొద్దని అప్పుడే ఓటేసి కూర్చున్నారు. రేపటి నుంచి వాళ్లు లేచి నిలబడితే మాట్లాడమనాల్సింది ఈయనే. కూర్చోమనాల్సిందీ ఈయనే. తమ మీద పార్టీ మనిషిని రుద్దారనుకునే ఆ 207 మంది ఈయన మాట ఎందుకు వినాలి?

* * *

ఢిల్లీకి రెండు వేల కిలోమీటర్ల దూరాన మార్చి ఎండ అప్పుడే చిటచిటలాడుతుంటుంది.

పెనుకొండ కోట రాళ్లు పొద్దున పదింటికే కాలుతుంటాయి. 1565లో విజయనగరం పడిపోయాక ఆ రాజ్యపు రాజులు దర్బారు తీర్చిన కొండ అది. ధర్మవరం సందుల్లో పట్టు మగ్గాల చప్పుడు తెల్లారకముందే మొదలవుతుంది. హిందూపురం మార్కెట్‌లో బెల్లం వాసన, చింతపండు పులుపు, ఎండుమిరప ఘాటు కలిసి ముక్కును అదరగొడతాయి. కన్నడం తెలుగు కలగలిసిన బేరాలు. ఆకాశంలో మబ్బు ఉండదు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. చెరువు నిండాలన్నా, బోరు పడాలన్నా, కరువు పని దొరకాలన్నా పైన అడిగేవాడొకడుండాలి. అందుకే కదా ఎంపీని పంపేది!

పంపిన ఎంపీ గెలిచాడు. స్పీకర్ అయ్యాడు. పెద్ద కుర్చీ. సంబరమే.

కానీ ఆ కుర్చీ ఎక్కిన నిమిషం నుంచి హిందూపురం లోక్‌సభలో మూగబోయింది.

స్పీకర్ చర్చలో మాట్లాడడు. మంత్రిని ప్రశ్న అడగడు. తన ప్రాంతపు కరువు మీద తీర్మానం పెట్టడు. మంత్రికి ఉత్తరం రాసుకోవచ్చు, ఇంటికి వెళ్లి కలవచ్చు. సభలో నోరు తెరిచి ‘మా హిందూపురం’ అనే మాట మాత్రం రాకూడదు. ఓటూ అంతే. రాజ్యాంగం నూరో అధికరణం ప్రకారం స్పీకర్ మామూలుగా ఓటెయ్యడు. రెండు వైపులా ఓట్లు సరిసమానమై సభ చిక్కుకుపోతే తప్ప ఆయన ఓటుకు పని లేదు. ‘ఏమప్పా, మన ఎంపీ మన మాట మాట్లాడకూడదంట గదా?’ అని ఏ ఓటరైనా నిలదీస్తే చెప్పడానికి ఒక్కటే జవాబుంది. అవునప్పా, మాట్లాడకూడదు. తన మాట తాను చెప్పుకునేవాడి చేతిలో తక్కెడ పెడితే మిగతా ఊళ్లు ఆ తూకాన్ని నమ్మవు. దేశంలోని మిగతా ఊళ్లన్నీ తమ మాట చెప్పుకోవాలంటే ఒక ఊరు నోరు కట్టుకోవాలి. 1967లో ఆ వంతు హిందూపురానిది. అడగకుండానే వచ్చిపడింది.

గొంతు పోయింది. ఓటు పోయింది. సంజీవరెడ్డి దగ్గర ఇంకొకటి మిగిలింది. దాన్ని ఆయన తనంతట తానే వదులుకున్నారు.

* * *

పార్టీ.

1931లో గాంధీజీ పిలుపు విని అనంతపురం కాలేజీ చదువు మానేసిన కుర్రాడికి కాంగ్రెస్ అంటే ఓటు గుర్తు ఒక్కటే కాదు. జైలు ఆ పార్టీ కోసమే. పెళ్లిళ్లకు, చావులకు తోడున్నదీ ఆ పార్టీవాళ్లే. 1960లో అఖిల భారత అధ్యక్షుడయ్యింది ఆ పార్టీకే. 34 ఏళ్ల సభ్యత్వం. స్పీకర్ కుర్చీలో కూర్చున్న వెంటనే ఆయన కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు.

లోక్‌సభ స్పీకర్లలో అంతకుముందు ఎవరూ ఆ పని చెయ్యలేదు. మావలంకర్ చెయ్యలేదు. అయ్యంగార్ చెయ్యలేదు. బ్రిటన్‌లో అది రివాజు. అక్కడ స్పీకర్ పార్టీ వదిలేస్తాడు, పెద్ద పార్టీలు కూడా ఆయన మీద పోటీ పెట్టకుండా తప్పుకుంటాయి. ఇక్కడ ఆ హామీ లేదు. రేపు మళ్లీ ఎన్నికలొస్తే టికెట్ ఇచ్చేదెవరు? జెండా పట్టేదెవరు? ఆ భద్రత ఏదీ లేకుండానే ఆయన తెంపుకున్నారు. ఈ పని విలువ తెలియాలంటే ఆ హాల్లోనే ఉన్న ఒక బొమ్మ వైపు చూడాలి.

స్పీకర్ కుర్చీకి ఎదురుగా, చెక్క పలక మీద, విఠల్‌భాయ్ పటేల్ చిత్రం ఉండేది. సర్దార్ పటేల్ అన్న. 1925లో బ్రిటిష్‌వాళ్ల కేంద్ర శాసనసభకు అధ్యక్షుడిగా ఎన్నికైన మొదటి భారతీయుడు. ఆయన గెలిచింది ఎంతతోనో తెలుసా? 58–56. రెండు ఓట్లు. మద్రాసు నుంచి వచ్చిన రంగాచారి ఓడిపోయారు. గెలిచిన విఠల్‌భాయ్ తన స్వరాజ్ పార్టీని వదిలేశారు. ఆ తర్వాత తెల్ల ప్రభుత్వపు బిల్లుల్నే నిబంధన చూపించి ఆపగలిగారు. కుర్చీలో కూర్చున్న ప్రతి స్పీకర్‌కీ తలెత్తితే కనిపించేది ఆయన ముఖమే. నలభై రెండేళ్లకు ఒక స్పీకర్ ఆయన చేసిన పని చేశారు. అది ఉత్తుత్తి పనా, నిజమైన పనా అన్నది తేలడానికి ఒక్క రోజు కూడా పట్టలేదు.

* * *

మార్చి 18, శనివారం.

రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ రెండు సభల సభ్యుల్నీ కూర్చోబెట్టి ప్రసంగించే రోజు. కొత్త లోక్‌సభ పని మొదలయ్యేది దానితోనే. అది పండగ లాంటి లాంఛనం. ప్రసంగం అయ్యాక లోక్‌సభ కూర్చుంటుంది, ప్రసంగం కాపీని బల్ల మీద పెడతారు, లేచిపోతారు. ఆ పూట కొట్లాటలు పెట్టుకోకపోవడం ఆనవాయితీ.

ప్రతిపక్షం ఆనవాయితీ వినే స్థితిలో లేదు. రాజస్థాన్ మండుతోంది. 184 సీట్ల శాసనసభలో కాంగ్రెస్‌కు 89 వచ్చాయి. సగం లేవు. అయినా గవర్నర్ సంపూర్ణానంద్ కాంగ్రెస్ నేత మోహన్‌లాల్ సుఖాడియానే ప్రభుత్వం కట్టమన్నారు. జైపూర్ వీధుల్లోకి జనం వచ్చారు. మార్చి 7న పోలీసులు కాల్చారు. 13న రాష్ట్రపతి పాలన పడింది. కొత్త ప్రభుత్వం ఢిల్లీలో ప్రమాణం చేసిన రోజే. లోక్‌సభలో ప్రతిపక్షం వైపు 42 ఏళ్ల సభ్యుడు అటల్ బిహారీ వాజ్‌పేయీ చేతిలో కాగితం ఉంది. మంత్రిమండలి మీద విశ్వాసం లేదన్న తీర్మానం.

ఇప్పుడు కుర్చీ ఏమంటుంది?

తోసెయ్యడానికి సాకులు కావలసినన్ని ఉన్నాయి. ఇవాళ రాష్ట్రపతి ప్రసంగం. సభ పుట్టి మూడు రోజులు కాలేదు. రాష్ట్రపతికి ధన్యవాదాల చర్చ ఎలాగూ వస్తుంది, మీరనుకున్నదంతా అప్పుడే అనొచ్చు. ఈ మాటల్లో ఏ ఒక్కటి చెప్పి కాగితం పక్కన పెట్టినా నిన్న ఓటేసిన 278 మంది హాయిగా ఊపిరి పీల్చుకునేవాళ్లు. నిబంధన మాత్రం ఇంకో దారి చూపిస్తోంది. అవిశ్వాస తీర్మానం సక్రమంగా ఉందని స్పీకర్ అనుకుంటే సభలో చదివి వినిపించాలి. ఒప్పుకునేవాళ్లు లేచి నిలబడమనాలి. యాభై మంది నిలబడితే చాలు. గెలవాల్సిన పని లేదు, నిలబడితే చాలు. పది రోజుల్లోగా చర్చ జరిగి తీరాలి. ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్న ప్రశ్న లేచాక, మిగతా పనులు దాని వెనక నిలబడాల్సిందే.

సంజీవరెడ్డి తీర్మానాన్ని అనుమతించారు. ఆ రోజే. రాష్ట్రపతి ప్రసంగించిన రోజే అవిశ్వాస తీర్మానాన్ని సభ ముందుకు రానివ్వడం పార్లమెంటు చరిత్రలో అదే మొదటిసారి.

సోమవారం, మార్చి 20న చర్చ సాగింది. తీర్మానం పెట్టినవాళ్లకూ తెలుసు తాము గెలవరని. ప్రభుత్వానికీ తెలుసు తాను పడదని. అయినా గంటల తరబడి దేశం వినేట్టు మాట్లాడుకున్నారు. చివరికి గంటలు మోగాయి, తలుపులు మూసుకున్నాయి.

అనుకూలం 162. వ్యతిరేకం 257. తీర్మానం వీగిపోయింది. ఇందిరా గాంధీ నిలిచారు. ఆ 257లో హిందూపురం లేదు. ఆ 162లోనూ లేదు.

ఓడిపోతుందని తెలిసిన తీర్మానానికి ఇంత చోటు ఎందుకని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సభ నియమాలు ఎవరి కోసం పుట్టాయో వాళ్లకు పట్టదు. ఎక్కువ మంది ఉన్నవాళ్లకు నియమం అక్కర్లేదు. చేతులెత్తితే సరిపోతుంది. ముందే నోటీసివ్వాలన్నా, వచ్చిన వరుసలోనే ఓటుకు పెట్టాలన్నా, ఒకసారికి ఒక్క ప్రశ్నే తేల్చాలన్నా, మాట్లాడుతున్నవాడిని మధ్యలో కూలదొయ్యకూడదన్నా, అవన్నీ తక్కువ మంది కోసం రాసుకున్నవే. ఇది లోక్‌సభకే కాదు. హిందూపురం, ధర్మవరం, పెనుకొండ పట్టణ సభల్లో కుళాయి నీళ్ల మీదో, మురుగు కాలవ మీదో తీర్మానం వచ్చిన రోజు కూడా ఇంతే. ఎజెండా ముందుగా చేతికందిందా? ఒప్పుకోనివాడి మాట మినిట్స్‌లోకి ఎక్కిందా? ఆ రెండూ జరిగితే ఓడినవాడు కూడా తల ఎత్తుకుని ఇంటికి పోతాడు. జరగకపోతే? హిందూపురానికి ఆ బాధ కూడా తెలుసు. 1995 సెప్టెంబరులో, ముఖ్యమంత్రి పదవి పోయిన తమ ఎమ్మెల్యే ఎన్.టి. రామారావు శాసనసభలో మాట్లాడతానని అడిగారు. స్పీకర్ అవకాశం ఇవ్వలేదు. ఆ రోజు సంగతి ఇప్పటికీ ఆ ఊళ్లో మాట్లాడుకుంటారు.

* * *

1967 తర్వాత రెండేళ్లు ఆ కుర్చీ ఊరుకోలేదు.

సంజీవరెడ్డి తనను తాను పార్లమెంటుకు వాచ్‌మన్‌నని చెప్పుకున్నారు. కావలి పనికి కంటి మీద కునుకు ఉండకూడదు. సభను ధిక్కరించినందుకు జైలు శిక్ష పడటం ఆయన హయాంలోనే మొదలు. షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమానికి పార్లమెంటు కమిటీ పుట్టిందీ ఆయన హయాంలోనే, 1968లో. రెండు సభల నుంచి 30 మంది సభ్యులు. మంత్రిత్వ శాఖల్ని పిలిచి, ఉద్యోగాలు ఎన్ని నింపారు, ఎందుకు నింపలేదు అని లెక్క అడిగే అధికారం. సభలో ఇందిరా గాంధీకీ ఆయనకూ మధ్య మాటలు చాలాసార్లు రాజుకున్నాయి. పార్టీ లేని స్పీకర్. బలం తగ్గిన ప్రధాని. ఇద్దరి మధ్యా ఉన్న బల్ల ఏడాదికేడాది వెడల్పవుతోంది.

1969 ఏప్రిల్ 2. సభలో ఒక సావధాన తీర్మానం వచ్చింది. అంతకుముందు నెల చివర్లో పాట్నాలో జరిగిన ప్రపంచ హిందూ మత సమ్మేళనంలో పూరీ శంకరాచార్య అంటరానితనాన్ని సమర్థిస్తూ మాట్లాడారని వార్త. జాతీయ గీతం పాడుతుంటే వెళ్లిపోయారని ఆరోపణ. లోక్‌సభ భగ్గుమంది. హోం మంత్రి వై.బి. చవాన్ మాట్లాడారు. సభ్యులు మాట్లాడారు. కటువుగా మాట్లాడారు. కుర్చీలో ఉన్నది సంజీవరెడ్డి.

కొన్నాళ్లకు ఒక దావా పడింది.

శంకరాచార్య భక్తులు ఆరుగురు ఢిల్లీ హైకోర్టు గుమ్మం తొక్కారు. లోక్‌సభలో అన్న మాటలు తమ గురువుకూ తమకూ పరువునష్టమన్నారు. 26,000 రూపాయలు కట్టించమన్నారు. ప్రతివాదుల్లో చవాన్ ఉన్నారు, మరో ముగ్గురు సభ్యులు ఉన్నారు. అందరికంటే ముందున్న పేరు నీలం సంజీవరెడ్డి. ఇంతకీ ఆయన మీద ఆరోపణ? సభలో అన్న మాటే. రెండేళ్లుగా ఇతరుల నోళ్లు కాపాడిన మనిషి ఇప్పుడు కోర్టు మెట్లు ఎక్కాలి.

కేసు నడుస్తుండగానే కుర్చీ కూడా పోయింది.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ చనిపోయారు. జూలైలో కాంగ్రెస్ పెద్దలు హిందూపురానికి వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో సమావేశమయ్యారు. పార్లమెంటరీ బోర్డులో ఓటింగ్ జరిగింది. రాష్ట్రపతి అభ్యర్థిగా సంజీవరెడ్డి పేరు నెగ్గింది. ఇందిరకు ఆ పేరు గిట్టదని అందరికీ తెలుసు. జూలై 19న ఆయన స్పీకర్ పదవికి రాజీనామా చేశారు. ఎదురుగా పోటీకి నిలబడిన వి.వి. గిరి కూడా బరంపురంలో పుట్టిన తెలుగువారే. ఇందిర తన పార్టీవాళ్లను మనస్సాక్షి చెప్పినట్టు ఓటెయ్యమన్నారు. ఆగస్టు 20న లెక్క తేలింది. గిరికి 4,20,077. సంజీవరెడ్డికి 4,05,427. పార్టీ రెండుగా చీలింది. ఆయన ఇల్లూరు చేరుకుని సేద్యంలో పడ్డారు.

ఢిల్లీలో కేసు మాత్రం ఆగలేదు. హైకోర్టు కొట్టేసింది. భక్తులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాళ్ల వాదనలో పదును లేకపోలేదు. పార్లమెంటులో మాటకు రక్షణ ఉంటే ఉండొచ్చు, కానీ అది సభ పనికి సంబంధించిన మాటకే కదా, ఎవరినో పట్టుకుని తిడితే దానికీ రక్షణేనా? ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ముందుకు వచ్చిందా ప్రశ్న. కోర్టు కనక ఆ వాదన ఒప్పుకుంటే, రేపటి నుంచి సభలో లేచే ప్రతి సభ్యుడూ ముందు వకీలును అడిగి తర్వాత నోరు తెరవాలి.

1970 మే 8న తీర్పొచ్చింది.

రాజ్యాంగం 105వ అధికరణం పార్లమెంటులో అన్న దేనికీ సభ్యుడి మీద కోర్టులో చర్య ఉండదంటోంది. ‘దేనికీ’ అంటే దేనికీనే అని సుప్రీంకోర్టు తేల్చింది. ఒక్కటే షరతు. ఆ మాట సభ నడుస్తుండగా, సభ పనిలో భాగంగా పార్లమెంటులో అన్నదై ఉండాలి. అలా అన్న మాట మంచిదా చెడ్డదా, సందర్భానికి తగిందా కాదా అన్నది చూసుకోవాల్సింది సభ. అదుపు చెయ్యాల్సింది స్పీకర్. కోర్టుకు అందులో పని లేదు. దావా వీగిపోయింది. ఇవాళ ఏ ఊరి ఎంపీ లేచి ఏ పెద్దమనిషినైనా సభలో పేరు పెట్టి నిలదీస్తే ఆ ధైర్యానికి వెనక ఉన్నది ఈ తీర్పే. అందులో ప్రతివాదిగా నిలిచిపోయింది ఒకప్పటి హిందూపురం ఎంపీ పేరు.

* * *

1977 మార్చి 26.

ఎమర్జెన్సీ పోయింది. ఇందిర రాయ్‌బరేలీలో ఓడిపోయారు. ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాల్లో 41 ఆ పార్టీవే. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా తరఫున గెలిచి వచ్చారు సంజీవరెడ్డి. మళ్లీ లోక్‌సభ. మళ్లీ స్పీకర్ ఎన్నిక. ఈసారి సభలో నోరు కట్టుకోవాల్సిన వంతు నంద్యాలది.

పదేళ్ల కిందట అవిశ్వాసపు కాగితం పట్టుకుని లేచిన వాజ్‌పేయీ ఇప్పుడు ప్రభుత్వం వైపున్నారు. సుప్రీంకోర్టు కేసులో పక్క ప్రతివాదిగా నిలిచిన చవాన్ ప్రతిపక్ష నాయకుడు. ప్రధాని మొరార్జీ దేశాయ్. సంజీవరెడ్డి పేరు ప్రతిపాదనకు వచ్చింది. ఎదురుగా ఇంకో పేరు రాలేదు. గంటలు మోగలేదు. తలుపులు మూయలేదు. ఒకప్పుడు 207 మంది వద్దన్న మనిషిని ఈసారి సభ మొత్తం ఏకగ్రీవంగా ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.